పసుపు అంటిన పదమూడు ఓట్లు

ఊరు అప్పు చేయాలంటే ముందు ఊరిని అడగాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక కౌంటీ ఎన్నికల కార్యాలయంలో నేను చేసిన ఉద్యోగమంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. 1976 సెప్టెంబరు 7న చేరాను, 1989 జూన్ 30న దిగాను. పన్నెండేళ్ల తొమ్మిది నెలల ఇరవై మూడు రోజులు. ఆ కాలంలో నా చేతిమీదుగా నలభై ఒక్క బాండు ఎన్నికలు, అంటే ఇంటి పన్నులతో తీర్చే అప్పు తేవచ్చా అని ఊరిని అడిగే ఎన్నికలు, జరిగాయి. బడులకు, నీళ్ల పైపులకు, గ్రంథాలయాలకు, ఒకసారి శ్మశానం కంచెకు. ఇరవై ఆరు నెగ్గాయి, పదిహేను వీగిపోయాయి.

ఇప్పుడు ఈ పనిలోకి మన పిల్లలు కూడా వస్తున్నారు. వాళ్లకు యంత్రాలు నేర్పేవారున్నారు, చట్టం నేర్పేవారున్నారు. మనుషులు ఎక్కడ తడబడతారో నేర్పేవారు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు జీతం పెరిగింది, ఏ కుర్చీలో కూర్చున్నాను అన్నవి ఇందులో ఉండవు. వాటివల్ల నేను ఏమీ నేర్చుకోలేదు.

పన్నెండు నిమిషాలు

మొదట నా తప్పు ఒకటి చెప్పాలి. 1977 వసంతంలో ఒకావిడ ఫోన్ చేసింది. పేరు పెగ్గీ, హైవే పక్క హోటల్లో వడ్డన పని.

"మా ఇంటి ఓనర్ అంటున్నాడు, బాండు ఎన్నికలో ఇల్లు ఉన్నవాళ్లకే ఓటట. ట్యాక్స్ కట్టేది తనట. నిజమేనా?"

నాకు ఉత్సాహం వచ్చింది. కాదు, అద్దెకున్నవారికీ ఓటుంది, పద్దెనిమిదేళ్లు నిండిన పౌరులైతే చాలు, ఆ ఊళ్లో నివాసం ఉంటే చాలు, మీరిచ్చే అద్దెలోనే ఆయన పన్ను కూడా ఉంది అని వివరంగా చెప్పాను. పన్నెండు నిమిషాలు మాట్లాడాను. గోడ గడియారం చూసుకుని మరీ గర్వపడ్డాను.

పోలింగు రోజున పెగ్గీ వచ్చింది. జాబితాలో పేరు లేదు. ఆమె ఆ ఊరికి మారి ఐదు నెలలైంది, పేరు మాత్రం పాత ఊళ్లోనే ఉంది. ఎన్నికకు ముప్పై రోజుల ముందే మార్పించుకోవాలి.

"మీరు పన్నెండు నిమిషాలు మాట్లాడారు. ఆ ఒక్క మాట అడగలేదు," అంది పెగ్గీ. కోపంగా కూడా కాదు, ఊరికే అంది. అప్పటినుంచి ఫోన్ ఎత్తగానే ముందు అవతలివాళ్లను అడగనిచ్చి, వెంటనే నేను రెండు ప్రశ్నలు అడిగేదాన్ని: ఎక్కడ ఉంటున్నారు, ఎప్పటినుంచి? హక్కుల గురించి ఉపన్యాసం ఆ తర్వాతే.

అరవై, నలభై

నా పై అధికారిణి డోరిస్. ఆరడుగుల మనిషి, నార్వే నుంచి వచ్చినవారి మనవరాలు, ఎప్పుడూ చెవి మీద పెన్సిలు. నేను చేరిన వారంలోనే ఆమె నన్ను కూర్చోబెట్టి చెప్పిన మాట ఇది:

"సావీ, ఈ రాష్ట్రంలో బాండు నెగ్గాలంటే రెండు గడపలు దాటాలి. వేసిన ఓట్లలో నూటికి అరవై 'ఎస్' రావాలి. అదొకటి. రెండోది, గత నవంబరు ఎన్నికలో ఆ ఊళ్లో ఎన్ని ఓట్లు పోలయ్యాయో, వాటిలో నూటికి నలభై అయినా ఈసారి పోలవ్వాలి. జనం రాకపోతే, వచ్చినవాళ్లందరూ ఎస్ అన్నా పోయినట్టే."

"అంటే వద్దనేవాళ్లు ఇంట్లో కూర్చున్నా చాలన్నమాట."

"చాలు. కొందరు కావాలనే కూర్చుంటారు. అది వాళ్ల ఇష్టం. మన పని మనుషుల్ని గుమ్మం దాకా తీసుకురావడం. లోపలికి వెళ్లి ఓటు కార్డు మీద ఎస్ దగ్గర చిల్లు పొడుస్తారా, నో దగ్గరా అన్నది మన పని కాదు. నువ్వు చూడకూడదు, అడగకూడదు, ముఖంలో కూడా ఏమీ కనపడనివ్వకూడదు."

ముఖంలో ఏమీ కనపడనివ్వకుండా ఉండటం నాకు బాగానే వచ్చింది. 1981లో మాత్రం చాలా కష్టపడాల్సి వచ్చింది.

మేము ఉండే ఊరు రైలు పట్టాలకు అటూ ఇటూ ఉంది. పట్టాలకు ఇవతల పాత ఊరు, అగ్నిమాపక కేంద్రం, అంబులెన్సు. అవతల కొండ మీద కొత్త ఇళ్లు, వాటిలో మాది ఒకటి. రోజుకు ఏడెనిమిది సరుకు రైళ్లు. పొడుగాటి రైలు అడ్డుపడితే కొండకు వచ్చే అంబులెన్సు గేటు దగ్గర ఆగి, అది పోయేదాకా ఎదురు చూడాల్సిందే. వేరే దారి తొమ్మిది మైళ్లు.

మా పక్కింటి వాల్ట్ కలప మిల్లులో రిటైరైనవాడు. అప్పటికే రెండుసార్లు గుండెపోటు వచ్చింది. భార్య హెలెన్ అతన్ని కంటికి రెప్పలా చూసుకునేది. అతను మాత్రం వరండాలో కూర్చుని రైలు పెట్టెలు లెక్కపెట్టేవాడు.

"నూట పన్నెండు, సావీ! ఈసారి నా గుండె ఆగాలంటే ముందు రైల్వేవాళ్లకి ఫోన్ చేసి టైమ్ కనుక్కోవాలి."

"వాల్ట్, నోరు మూసుకో," అనేది హెలెన్ లోపలినుంచి. ఆమె గొంతులో నవ్వు ఉండేది కాదు.

కొండ మీద రెండో అగ్నిమాపక కేంద్రం కట్టడానికి, అక్కడ ఒక అంబులెన్సు ఉంచడానికి ఊరు బాండు ఎన్నిక పెట్టింది. ఫిబ్రవరి 10, మంగళవారం. పాత ఊళ్లో ఇనప సామాను కొట్టాయన తన అద్దాల మీద కాగితం అంటించాడు: "మంగళవారం ఇంట్లోనే హాయిగా ఉండండి." అందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. లెక్క తెలిసిన మనిషి.

గత నవంబరులో ఊళ్లో పోలైన ఓట్లు 4,615. నూటికి నలభై అంటే 1,846. ఫిబ్రవరిలో పోలైనవి 1,837. ఎస్ 1,226, నో 611. ముగ్గురిలో ఇద్దరు కావాలన్నారు. తొమ్మిది మంది తక్కువైనందుకు వీగిపోయింది.

ఆ వారం హెలెన్ కంచె దగ్గర అడిగింది. "తొమ్మిదేనా, సావీ?"

"తొమ్మిదే."

ఊరు పట్టు విడవకుండా మే 19కి మళ్లీ ఎన్నిక పెట్టింది. అదీ మంగళవారమే.

పులిహోర దగ్గర తేలిన సంగతి

ఉగాది ముందు శనివారం తెలుగువాళ్లం ఒక చర్చి కింది హాలు అద్దెకు తీసుకుని కలుసుకునేవాళ్లం. చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిపితే అప్పట్లో ముప్పై ఇళ్లు. వాటిలో ఏడు ఇళ్లు మా కొండ మీదే, మాది కాకుండా. నేను పులిహోర పళ్లెంతో నిలబడి ఉంటే శారద వచ్చింది. మా వీధి చివరి ఇల్లు, మందుల షాపులో ఫార్మసిస్టు.

"సారీ సావిత్రి గారూ, మొన్న ఆ ఫైర్ స్టేషన్ దానికి మేం ఓట్ చేయలేదు. మంగళవారం కదా."

"ఇక్కడ ఎన్నికలన్నీ మంగళవారమే కదా శారదా. నవంబర్‌లో ప్రెసిడెంట్‌కి వేశావుగా?"

"అది అప్పు కాదు కదండీ!"

మంగళవారం అప్పు చేస్తే తీరదని మా అమ్మ కూడా అనేది. కానీ ఇది ఊరి అప్పు, ఓటు, బాండు. ఈ రెండూ ఒకదానితో ఒకటి కలుస్తాయని నాకెప్పుడూ తోచలేదు.

"నీకెవరు చెప్పారు?"

శారద కళ్లతో చూపించింది. వడ్డన బల్ల వెనక కామేశ్వరమ్మ గారు. అరవై ఎనిమిదేళ్లు, రాజమండ్రి, బాతెల్ అనే పక్క ఊళ్లో కొడుకు దగ్గర ఉంటారు. ఏటా పంచాంగం విమానం పోస్టులో తెప్పించుకుంటారు. ఆదివారం ఉదయం వరుసగా అన్ని ఇళ్లకూ ఫోన్ చేసి ఆ వారం తిథులు చెప్పడం ఆవిడ అలవాటు. మంచి మనిషి, ఆవిడ మాట కాదనేవారు లేరు.

"నేనే చెప్పానమ్మా," అన్నారు గరిటె ఆపకుండా. "ఇరవయ్యేళ్ల అప్పట, మంగళవారంట! మా వాడి ఇల్లు లోన్‌కి బ్యాంకువాళ్లు మంగళవారం రమ్మంటే, ఫీవర్ అని చెప్పించి శుక్రవారం సంతకం పెట్టించాను. ఊరికి మాత్రం మంచి చెడ్డా ఉండవా?"

"పిన్నిగారూ, మీరు ఆ ఊళ్లో ఉండరు. సిటిజన్ కూడా కాదు. మీకు అక్కడ ఓటే లేదు."

"నాకెందుకమ్మా ఓటు? పంచాంగం ఉందిగా."

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే కాగితం రుమాలు మీద లెక్క వేశాను. కొండ మీద ఏడు ఇళ్లు, పౌరసత్వం వచ్చి ఓటు నమోదైనవారు పదమూడు మంది. పన్నెండు మంది మంగళవారం అని మానేశారు. పదమూడోవారు వెంకట్రావు గారు, విమానాల కంపెనీలో ఇంజనీరు. మంగళవారం ఆయన్ని ఆపలేదట.

"నాకు ఆఫీస్‌లో లేట్ అయింది. వచ్చుంటే నో అని పంచ్ చేసేవాణ్ణి," అన్నారాయన అందరికీ వినపడేలా. "ట్యాక్స్ ఎవడు కడతాడు? వాళ్ల తాతా?"

అప్పుడు నేను ఒక కుర్చీ పక్కన నిలబడి, ఏ కౌంటీ ఉద్యోగి అయినా ఎవరికైనా చెప్పగలిగినదే చెప్పాను. పోలింగుకు వెళ్లనక్కర్లేదు. కారణం చెప్పకుండానే పోస్టల్ బ్యాలెట్ అడగవచ్చు. ఇంటికి వస్తుంది. ఎన్నిక రోజుకు ముందు ఏ రోజైనా చిల్లు పొడిచి, లోపలి కవరులో పెట్టి, దాన్ని పై కవరులో పెట్టి, పై కవరు మీద నమోదులో చేసిన సంతకమే చేసి, స్టాంపు అంటించి పంపవచ్చు. పోస్టు ముద్ర ఎన్నిక రోజు దాటకూడదు. రెండు గడపల లెక్కా చెప్పాను. తొమ్మిది అన్న అంకె మాత్రం నోట రానివ్వలేదు.

వెంకట్రావు గారు వేలెత్తారు. "ఆగండాగండి. నేను నో వేసినా, వచ్చినవాళ్ల లెక్కలో ఒకటి పెరుగుతుందా?"

"పెరుగుతుంది."

"అంటే నా నో వాళ్లకి ఎస్ అవుతుందా?"

"మీ నో నోగానే ఉంటుంది. మీరు వచ్చినట్టూ ఉంటుంది."

"అయితే ఇంట్లో కూర్చుంటేనే నాకు లాభం."

"అది మీరు ఆలోచించుకోవాలి. నేను చెప్పకూడదు."

ఆయన పళ్లెంలోంచి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. "దాక్కుని గెలవడం నాకు చేతకాదండీ. నో అంటాను, వచ్చి అంటాను. ఆ కార్డు నాక్కూడా పంపించండి."

కామేశ్వరమ్మ గారు గరిటె పక్కన పెట్టారు. "అమ్మాయ్, అంటే చిల్లు పొడిచిన రోజే మాట ఇచ్చిన రోజా?"

"ఓటు వేసేవాళ్లకి అంతే. మంగళవారం మేం లెక్కపెట్టుకుంటాం."

"లెక్క ఏ రోజైనా పెట్టుకోవచ్చు, దోషం లేదు." చేతిసంచీలోంచి పంచాంగం బయటికి వచ్చింది. కళ్లజోడు ముక్కు మీదికి దిగింది. పేజీలు తిరిగాయి. "మే పద్నాలుగు, గురువారం. రాహుకాలం పోయాక. సాయంత్రం ఆరున్నర, అందరూ ఆఫీసుల నుంచి వచ్చేస్తారు కూడా. శారదా, మీ ఇంట్లో పెట్టుకోండి. నేను వస్తాను."

"మీరు ఆ గదిలో ఉండకూడదు పిన్నిగారూ. ఎవరి కార్డు వాళ్లు ఒంటరిగా పొడుచుకోవాలి."

"వంటింట్లో ఉంటానమ్మా. బూరెలు ఎవరు వేస్తారు?"

సోమవారం కాగితం

సోమవారం పొద్దున్నే డోరిస్‌కు అంతా చెప్పాను.

"ఏం వేయాలో చెప్పావా?"

"లేదు."

"ఎలా వేయాలో చెప్పావా?"

"చెప్పాను."

"దానికే నీకు జీతం. ఇప్పుడు కూర్చుని రాయి. ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు, ఎవరు ఏం అడిగారు, నువ్వేం అన్నావు. వాళ్లేం అన్నారో అది కూడా. ఈ రోజే తేదీ వేసి నాకివ్వు."

రెండు పేజీలు రాశాను. నలభై నిమిషాలు మాట్లాడానని, ఒకాయన నో వేస్తానని బహిరంగంగా అన్నాడని కూడా రాశాను. దీనంతటికీ కాగితం ఎందుకా అని లోపల విసుక్కున్నాను. పిల్లలకు ఒక్క మాట: మీరు పనిచేసే ఊళ్లో మీ బంధువులో, స్నేహితులో ఉంటే, వాళ్లతో ఆఫీసు సంగతి మాట్లాడిన మరునాడే రాసిపెట్టండి. మంచి అధికారి అయితే అడిగి రాయిస్తారు. కాకపోతే మీరే రాసుకోండి.

పసుపు

మే 20, బుధవారం ఉదయం తొమ్మిదింటికి పోస్టల్ బ్యాలెట్ల కవర్లు తెరిచారు. సంతకాలు సరిచూసి, పై కవర్లు వేరు చేసి, లోపలి కవర్లు కలిపేశాక అందులోని కార్డులు తీస్తారు. పదిన్నరకు డోరిస్ పిలిచింది.

"సావీ, ఇటు రా. దేన్నీ ముట్టుకోకు."

బల్ల మీద పదమూడు కార్డులు, బోర్లా పెట్టి ఉన్నాయి. ప్రతి కార్డుకు నాలుగు మూలలా పచ్చటి బొట్లు. ఒకదానికి కాస్త నూనె కూడా అంటింది. వాటిని చదివే యంత్రం మొదటిదాన్నే నమిలి ఉమ్మేసిందట.

పసుపు. శుభలేఖకు పెడతాం, కొత్త బట్టలకు పెడతాం, కొత్త ఖాతా పుస్తకానికి పెడతాం. ఊరు బాగుపడాలో, అప్పు తీరాలో, మొత్తానికి మంచి జరగాలని గురువారం ఆరున్నరకు పదమూడు మంది భక్తిగా ఓటు కార్డుకు పసుపు పెట్టారు. నేను నలభై నిమిషాలు స్టాంపు గురించి, సంతకం గురించి, కవరులో కవరు గురించి చెప్పాను. పసుపు పెట్టకండి అని చెప్పలేదు. నా మొదటి జీతం చెక్కుకు నాలుగు మూలలా పసుపు పెట్టి బ్యాంకులో ఇచ్చినదాన్ని నేనే!

"ఇవి ఎవరివో నాకు తెలుసు," అన్నాను డోరిస్‌తో. "ఏది ఎవరిదో తెలియదు."

"ఆ రెండో మాట జాగ్రత్తగా గుర్తుపెట్టుకో," అంది డోరిస్.

చట్టం ఇలా ఉంది. పాడైన కార్డును ఇద్దరు ఉద్యోగులు కొత్త కార్డు మీదికి ఎత్తి రాసి లెక్కించవచ్చు. కానీ ఓటరు ఎవరో తెలిసేలా కావాలని గుర్తు పెడితే ఆ ఓటు చెల్లదు. ఇది పాడైందా, గుర్తా? ముగ్గురు సభ్యుల పరిశీలన సంఘం ఎన్నిక తర్వాత పదోరోజున, అంటే 29న, తేల్చాలి.

ఆ పదమూడూ తీసేస్తే పోలైనవి 1,842. కావలసినవి 1,846. నాలుగు తక్కువ.

ఆ నడుమ ఆదివారం మధ్యాహ్నం వాల్ట్‌కు మూడోసారి నొప్పి వచ్చింది. హెలెన్ ఫోన్ చేసింది. అంబులెన్సు బయల్దేరింది, గేటు పడింది. కొండ మీదినుంచి మాకు సైరన్ వినిపిస్తూనే ఉంది, దగ్గరికి మాత్రం రాలేదు. నేను వాళ్ల వరండాలో హెలెన్ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. పదకొండు నిమిషాలు. వాల్ట్ స్ట్రెచర్ మీద కూడా ఊరుకోలేదు. "పెట్టెలు ఎన్నో ఎవరైనా లెక్కపెట్టారా?" అన్నాడు. బతికి బయటపడ్డాడు. డాక్టరు హెలెన్‌తో, ఈసారి అదృష్టం అన్నాడట.

మూడు రోజుల తర్వాత, పేపర్లో ఆ కార్డుల సంగతి చదివి, హెలెన్ అడిగింది. "ఆ ఓట్లు లెక్కలోకి వస్తాయా సావీ?"

"తెలియదు హెలెన్. తెలిసినా చెప్పకూడదు."

ఉద్యోగంలో నేను చెప్పిన మాటలన్నిటిలో అంత బరువైనది మరొకటి లేదు.

ఊరగాయ వాసన

29, శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నర. బల్లకు అటువైపు ముగ్గురు: ఎన్నికలకు పెద్ద అయిన కౌంటీ ఆడిటరు, ప్రభుత్వ న్యాయవాది ప్రైస్, అధ్యక్షుడుగా కౌంటీ పాలక మండలి నుంచి ఒక ముసలి పాడి రైతు. ప్రైస్‌కు ముప్పై ఏళ్లు ఉంటాయి. చురుకైనవాడు. అతన్ని అప్పుడు తిట్టుకున్నాను గాని, అతను అడిగినవన్నీ అడగవలసినవే.

"ఈ పదార్థం ఏమిటి?"

"పసుపు. టర్మరిక్. మంచి జరగాలనుకున్న దేనికైనా మేం పెడతాం."

ముసలాయన ఒక కార్డు ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "మా ఆవిడ దోసకాయ ఊరగాయలో వేస్తుంది ఇది. నా చొక్కాలన్నిటికీ ఉంది మరక."

ఆడిటరు నవ్వు ఆపుకున్నాడు. ప్రైస్ నవ్వలేదు.

"ఒకే గుర్తు పదమూడు కార్డుల మీద ఉంది. ఇది ఒక మనిషిని చూపించదు, ఒప్పుకుంటాను. కానీ ఒక గుంపును చూపిస్తుంది. ఎవరో ఇలా వేయమని చెబితే, 'చెప్పినట్టే వేశాం, చూసుకోండి' అనడానికి పెట్టిన గుర్తు ఎందుకు కాకూడదు? మేడమ్, ఈ ఓటర్లతో ఎన్నికకు ముందు ఎవరైనా మాట్లాడారా?"

"నేను మాట్లాడాను," అన్నాను.

నా ఉద్యోగం అక్కడితో పోయిందనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఉద్యోగం గురించి కాదు, హెలెన్ గురించి ఆలోచించాను.

డోరిస్ లేచి రెండు పేజీలు బల్ల మీద పెట్టింది. ప్రైస్ మొత్తం చదివాడు. ఒకచోట ఆగి, ఆ వాక్యం మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ ఒకాయన నో వేస్తానన్నాడని ఉంది."

"అందరి ముందూ అన్నారు."

"ఆ గుంపులోనే? ఇదే గుర్తు పెట్టుకున్నవాళ్లలోనే?"

"పదమూడు మందిలో ఒకరు."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నన్ను బయటికి వెళ్లమన్నారు. నేను వసారాలో కుర్చీ మీద కూర్చున్నాను. ఎదురుగా నీళ్ల కుళాయి. పంతొమ్మిది నిమిషాలు.

డోరిస్ బయటికి వచ్చింది. చెవి మీద పెన్సిలు లేదు, చేతిలో రెండు ముక్కలుగా ఉంది.

"కార్డులు తిరగేసి చూశారు. రెండు రకాలూ ఉన్నాయి, సావీ. ఎన్ని ఏవో నీకు చెప్పను."

"నేనడగను."

"చెప్పినట్టు వేసేవాళ్లు రెండు రకాలుగా వేయరు అన్నాడు ప్రైస్. అతనే అన్నాడు. కార్డులు పాడైనవిగా రాసుకున్నారు. ఎత్తి రాసి లెక్కిస్తారు. పదమూడూ చెల్లుతాయి."

మొత్తం 1,855. కావలసిన దానికంటే తొమ్మిది ఎక్కువ. ఎస్ 1,161, నో 694. నూటికి అరవై రావాలంటే 1,113 చాలు. నెగ్గింది.

నేను వసారాలో నిలబడి ఏడ్చాను. డోరిస్ ముఖం పక్కకు తిప్పుకుని, "ముఖంలో ఏమీ కనపడనివ్వకూడదని చెప్పాను," అంది. ఆమె ముక్కు కూడా ఎర్రగానే ఉంది.

తర్వాత

ఆ సాయంత్రం వెంకట్రావు గారి ఫోన్.

"సావిత్రి గారూ, పాసైందట."

"అయింది."

"నా ఓటు లెక్కపెట్టారా?"

"పెట్టారు."

"అయితే సరే," అన్నారాయన. ఓడిపోయిన మనిషి అంత హుందాగా మాట్లాడటం నేను మళ్లీ వినలేదు. సంఘం తీర్మానం ఎవరైనా చదువుకోవచ్చు. ఆయన వెళ్లి చదువుకున్నారు. చదివిన రోజునుంచి, "ఆ ఫైర్ స్టేషన్ నా నో వల్ల వచ్చింది, తెలుసా?" అని కనపడిన ప్రతివారికీ చెప్పుకున్నారు. పన్ను కాగితం వచ్చిన నెలలో మాత్రం కాస్త తగ్గించేవారు.

కామేశ్వరమ్మ గారికి నేనే ఫోన్ చేశాను. ఇక ఓటు కార్డుకు ఏమీ పెట్టకూడదు పిన్నిగారూ, పసుపూ వద్దు, కుంకుమా వద్దు అన్నాను.

"పెట్టబట్టే కదమ్మా నెగ్గింది!" అన్నారు.

ఆ ఏడాదినుంచి పోస్టల్ బ్యాలెట్ల సూచనల్లో ఒక వాక్యం చేర్పించాను: కార్డు మీద దేన్నీ పూయకండి, అంటించకండి, రాయకండి. మా కౌంటీలో ఆ వాక్యం ఎందుకుందో తెలిసినవారం ఇప్పుడు కొద్దిమందిమే. మీ కౌంటీకి మరొక వాక్యం కావాలి. మీ ఎదుట ఉన్న మనుషులు ఎవరో, మంచి జరగాలని వాళ్లు ఏం చేస్తారో కనుక్కుంటే అది దొరుకుతుంది.

కొండ మీది కేంద్రం 1982 అక్టోబరులో తెరిచారు. డిసెంబరులో వాల్ట్‌కు నాలుగోసారి నొప్పి వచ్చింది. అంబులెన్సు నాలుగు నిమిషాల్లో గుమ్మంలో ఉంది. ప్యాంటు వేసుకునే టైమ్ కూడా ఇవ్వలేదని అతను వాళ్లతో తగువు పెట్టుకున్నాడట.

1983 ఫిబ్రవరి 8న బడి బాండు ఎన్నిక. కొండ మీద పోలింగు ఆ కేంద్రంలోనే పెట్టారు. అంబులెన్సు బయట నిలిపి, దాని చోటులో తెరలు కట్టిన నాలుగు ఓటు గడులు వేశారు. జాబితా చూడాల్సిన మనిషికి జ్వరం రావడంతో ఆ బల్ల దగ్గర నేను కూర్చున్నాను. పది దాటాక వాల్ట్ వచ్చాడు. కర్ర లేదు. హెలెన్ వెనకాల వస్తోంది. నిదానంగా తన పేరు ఎదురుగా సంతకం చేసి, బల్ల మీదికి వంగాడు.

"చెప్పు సావీ, ఈసారి ఏం వేయమంటావ్?"

"మూడో గడి ఖాళీగా ఉంది, వాల్ట్," అన్నాను. "వెళ్లు. వెనక లైను ఉంది."